మగవాళ్ల మనసు వినడం నేర్పాలంటే: కౌన్సెలర్ల కోసం రెండు రోజుల వర్క్‌షాప్, మొదటి నుంచి చివరి దాకా

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండీ. పొద్దున లేచేసరికి కడుపంతా గ్యాస్. ఏదైనా టాబ్లెట్ ఉంటే చెప్తారా?"

మగవాళ్లతో కౌన్సెలింగ్ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. "నాకు దిగులుగా ఉంది" అని గుమ్మంలోనే చెప్పే మగవాడు అరుదు. గ్యాస్ గురించి చెప్తాడు, నడుం నొప్పి గురించి చెప్తాడు, అప్పు గురించి, మేనేజర్ గురించి, మాట వినని కొడుకు గురించి చెప్తాడు. మనసు ఊసు మాత్రం ఎత్తడు. ఎదురుగా ఉన్న కౌన్సెలర్‌కి ఈ సంగతి తెలియకపోతే "మందులు ఇక్కడ ఇవ్వమండీ, డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అనేస్తారు. ఆ మనిషి లేచి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క. వాళ్లలో ప్రతి 100 మందికి 72 మంది దాకా మగవాళ్లే. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. అంటే మన మాట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే మన గది దాకా తక్కువగా వస్తున్నారు. వచ్చిన ఒక్కసారి మనం సరిగ్గా వినాలి. ఆ వినడం ఎలాగో నేర్పే వర్క్‌షాప్ గురించే ఇదంతా.

నేను మొదట్లో పెట్టిన వర్క్‌షాపుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లైడ్లే. ఒత్తిడి నిర్వచనం, రకాలు, లక్షణాలు, హార్మోన్లు. అందరూ నోట్స్ రాసుకున్నారు, చప్పట్లు కొట్టారు. నెల తిరగకముందే ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఒకాయన వచ్చి అరగంట ఏం మాట్లాడకుండా కూర్చున్నాడు. నాకేం చేయాలో తోచలేదు. నేనే ఏవేవో మాట్లాడేశాను" అంది. నేను నేర్పిన ఏ స్లైడూ ఆ అరగంటలో ఆమెకు పనికి రాలేదు. అప్పటి నుంచి రెండు రోజుల్లో మూడు వంతులు ప్రాక్టీసుకే ఇస్తున్నాను. కింద రాసింది ఆ పద్ధతి.

మొదటి అడుగు: ఎవరిని పిలవాలి, ఎంతమందిని

18 లేదా 21 మంది. అంతకు మించితే ప్రాక్టీసు చూసి సరిదిద్దడం కుదరదు. మూడుతో భాగించగలిగే సంఖ్య ఎందుకంటే పనంతా ముగ్గురేసి గుంపుల్లో జరుగుతుంది. ఒకరు కౌన్సెలర్, ఒకరు వచ్చిన మనిషి, ఒకరు పక్కన కూర్చుని గమనించేవారు.

సైకాలజీ పీజీ చేసినవాళ్లు, సోషల్ వర్కర్లు, ప్రభుత్వాసుపత్రి నర్సులు, కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు, కాలేజీ లెక్చరర్లు కలిసి ఉంటే మంచిది. ఎవరి దగ్గరికి ఎలాంటి మగవాళ్లు వస్తారో ఒకరి నుంచి ఒకరు తెలుసుకుంటారు. నేర్పేవాళ్లు ఇద్దరుండాలి. వీలైతే ఒక ఆడ, ఒక మగ. మగవాళ్లకు మగ కౌన్సెలరే కావాలన్న మాట నేను ఒప్పుకోను. సాటి మగవాడి ముందు తగ్గినట్టు కనబడడానికి ఇష్టపడని వాళ్లు ఆడవాళ్ల దగ్గర తేలిగ్గా మాట్లాడడం నేను చాలాసార్లు చూశాను. దానికి పూర్తి భిన్నంగా జరగడం కూడా చూశాను. కాబట్టి ఇద్దరూ నేర్చుకోవాలి.

ఒక విషయం ఆహ్వానంలోనే రాయండి: ఈ రెండు రోజులతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టులు అయిపోరు. ఆ పేరు పెట్టుకోవాలంటే దానికి వేరే చదువు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. మన సర్టిఫికెట్ మీద "హాజరయ్యారు" అని మాత్రమే ఉండాలి. ఇందులో మొహమాటపడకండి.

రెండో అడుగు: వచ్చేముందు మాటలు పోగేసుకుని రమ్మనండి

వర్క్‌షాప్‌కి పది రోజుల ముందు ప్రతి ఒక్కరికీ ఒక చిన్న పని ఇవ్వండి. ఇంట్లోనో, వీధిలోనో, ఆఫీసులోనో ముగ్గురు మగవాళ్లతో మామూలుగా మాట్లాడాలి. "బాగా టెన్షన్ పడిన రోజున ఎలా ఉంటుంది?" అని అడిగి, వాళ్లు వాడిన మాటలు వాడినట్టే రాసుకుని రావాలి. పేర్లు రాయకూడదు.

మొదటి రోజు పొద్దున ఆ మాటలన్నీ గోడ మీద చార్టులో ఎక్కించండి. మా చార్టుల్లో వచ్చినవి కొన్ని: తల బరువెక్కుతుంది. గుండెలో దడ. ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఏం తోచదు. బుర్ర పని చేయదు. ఇంటికి పోబుద్ధి కాదు. ఎవరైనా మాట్లాడితే చిరాకు. ఊకెనే కోపమొస్తది. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నా.

ఈ చార్టులో "డిప్రెషన్" అన్న మాట ఒక్కోసారి ఒక్కసారైనా ఉండదు. పరువు అన్న మాట మాత్రం ప్రతిసారీ ఏదో రూపంలో ఉంటుంది. రెండు రోజులూ ఆ చార్టు గోడ మీదే ఉండాలి. రోల్ ప్లేలో "వచ్చిన మనిషి" పాత్ర వేసేవాళ్లు ఆ మాటలే వాడాలి, కౌన్సెలర్ పాత్రవాళ్లు తిరిగి ఆ మాటలతోనే అడగాలి. "తల బరువుగా ఉందన్నారు. ఆ బరువు ఏ టైములో ఎక్కువ?" అని అడిగితే మనిషి చెప్తాడు. "మీ ఎమోషన్స్ గురించి చెప్పండి" అంటే మూసుకుపోతాడు.

మూడో అడుగు: ఒత్తిడి గురించి చెప్పాల్సింది ముప్పావు గంటలో చెప్పేయండి

వాల్టర్ కానన్ చెప్పిన "పోరాడు లేదా పారిపో" స్పందన, హాన్స్ సెల్యె 1936లో మొదలుపెట్టిన ఒత్తిడి పరిశోధన రెండు మాటల్లో చాలు. అవసరమైంది ఇది: ప్రమాదం వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల నెమ్మదిస్తుంది. కుక్క వెంటపడినప్పుడు అది పనికొస్తుంది. ఫైనాన్స్ వాడి ఫోన్ రోజూ వస్తున్నప్పుడు అదే స్పందన నెలల తరబడి దిగకుండా ఉండిపోతుంది. గ్యాస్, నిద్రలేమి, మెడనొప్పి అక్కడి నుంచి వస్తాయి. ఈ ఒక్క సంగతి కౌన్సెలర్ సరిగ్గా వివరించగలిగితే "నీ నొప్పి నిజమే, అది ఊహ కాదు" అని చెప్పినట్టవుతుంది.

మగవాళ్లలో ఒత్తిడి బయటికి కనిపించే తీరు కూడా ఇక్కడే చెప్పండి. ఏడుపు తక్కువ, చిరాకు ఎక్కువ. తాగుడు పెరగడం, బండి రాష్‌గా నడపడం, ఇంటికి ఆలస్యంగా రావడం, ఆన్‌లైన్ బెట్టింగ్, పనిలో తలమునకలై ఇంకేదీ పట్టించుకోకపోవడం. పూర్తిగా మౌనంగా అయిపోవడం.

ఒక హెచ్చరిక కచ్చితంగా ఉండాలి. నలభై దాటిన మగవాడు ఛాతీ నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు అని చెప్తే అది టెన్షనే అని కౌన్సెలర్ తేల్చకూడదు. ముందు ఆసుపత్రి, ఈసీజీ. ఆ తర్వాతే మన మాటలు. నిస్సత్తువ, నిద్రలేమి ఉన్నవాళ్లకి షుగర్, బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నారా అని అడగడం కూడా అలవాటు చేయించండి.

నాలుగో అడుగు: మొదటి ఐదు నిమిషాలు

మొదటి రోజు భోజనం దాకా మిగిలిన సమయమంతా దీనికే ఇవ్వండి. ఎందుకంటే మగవాడు మళ్లీ రావాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకుంటాడు.

ముగ్గురేసి కూర్చోబెట్టి పాత్ర కార్డులు పంచండి. ఒక కార్డు ఇలా ఉంటుంది: "మీరు 42 ఏళ్ల పత్తి రైతు. రెండేళ్లుగా పంట పోయింది. బంధువుల దగ్గర అప్పు ఉంది. కూతురు ఇంటర్. మిమ్మల్ని ఆసుపత్రి నర్సు ఇక్కడికి పంపింది. మీకు రావడం ఇష్టం లేదు. మూడుసార్లు అడిగేదాకా అప్పు గురించి చెప్పకండి." ఇంకో కార్డులో ఐటీ ఉద్యోగి. అమెరికా క్లయింట్ల కోసం అర్ధరాత్రి దాకా కాల్స్, హోమ్ లోన్, లేఆఫ్ భయం, ఇంట్లో ఇంకా చెప్పలేదు. మరో కార్డులో గల్ఫ్ నుంచి పని పోయి తిరిగొచ్చిన తాపీమేస్త్రి.

ఒక జట్టులో జరిగింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కౌన్సెలర్ పాత్రలో ఒక లెక్చరర్, రైతు పాత్రలో ఒక నర్సు.

"చెప్పండి, మీ సమస్యేంటి?"

"ఏం లేదు మేడమ్. నర్సమ్మ పొమ్మంటే వచ్చిన."

"ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదా. ధైర్యంగా చెప్పండి. ఇక్కడ ఎవరూ వినరు."

"ఏం లేదు మేడమ్, అంతా మంచిగనే ఉంది."

రెండు నిమిషాల్లో సంభాషణ అయిపోయింది. లెక్చరర్ నిరాశగా నా వైపు చూశారు. గమనించే అమ్మాయిని అడిగితే తను గట్టి మాట చెప్పింది: "సమస్య అని మొదటే అనేశారు. ఆయన దగ్గర సమస్య ఉందని ఆయన ఇంకా ఒప్పుకోలేదు కదా, మేడమ్."

మళ్లీ చేయించాను. ఈసారి లెక్చరర్ కుర్చీని ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పుకున్నారు. "ఎండలో వచ్చారు, ముందు నీళ్లు తాగండి" అన్నారు. "ఎక్కడి నుంచి? బస్సా, బండా?" అన్నారు. తర్వాత, "నర్సు ఎందుకు పంపిందో మీకేమైనా చెప్పిందా?" అని అడిగారు. రైతు పాత్రలో ఉన్న నర్సు కాసేపు ఊరుకుని, "నిద్ర పడ్తలేదని చెప్పిన మేడమ్" అంది. లెక్చరర్ అక్కడే ఆగారు. సలహా ఇవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అని మాత్రం అన్నారు. "పత్తి ఏరుడు అయినకాడి నుంచి" అని సమాధానం. అప్పు మాట బయటికి రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. గది మొత్తం నిశ్శబ్దంగా చూసింది.

దీని నుంచి రాయించాల్సినవి: మనిషి ఏ తలుపు నుంచి వచ్చాడో ఆ తలుపు దగ్గరే నిలబడాలి. నిద్ర అని వస్తే పది నిమిషాలు నిద్ర గురించే మాట్లాడాలి. ఎప్పుడు పడుకుంటాడు, ఎన్నింటికి మెలకువ వస్తుంది, మెలకువ వచ్చాక ఏం గుర్తొస్తుంది. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే అసలు సంగతి ఉంటుంది.

పిలుపు కూడా ప్రాక్టీసు చేయించండి. పెద్దాయన్ని "మీరు" అనే అనాలి. కొన్నిచోట్ల "అన్నా" అంటే దగ్గరవుతారు, ఆఫీసులో అదే మాట కొందరికి నచ్చదు. కుర్రవాడిని చూడగానే "నువ్వు" అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అది మాన్పించండి. "మగాడివి, ధైర్యంగా ఉండాలి" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆటను అక్కడే ఆపేయండి. ఆయన ఇన్నేళ్లు మాట్లాడకుండా ఉన్నది ఆ మాట విని వినే.

మౌనానికి ఒక కసరత్తు: కౌన్సెలర్ ఒక ప్రశ్న అడిగాక 20 సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. గమనించేవారు గడియారం చూస్తారు. మొదటిసారి ఎక్కువమంది ఏడెనిమిది సెకన్లు కూడా ఆగలేరు. మధ్యాహ్నానికి ఆగుతారు.

ఐదో అడుగు: చేతికందే ఉపాయాలు

మధ్యాహ్న భోజనం అయ్యాక కునుకు వచ్చే వేళ. ఒంటితో చేసే పనులు అప్పుడు పెట్టండి. ముందు వాళ్ల ఒంట్లో పని చేయాలి, తర్వాతే వాళ్లు ఇతరులకు నేర్పాలి.

నెమ్మది శ్వాస: ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. ఐదు నిమిషాలు. "ధ్యానం" అని పేరు పెడితే కొందరికి ఇబ్బంది, కొందరికి మతం గుర్తొస్తుంది. "దడ తగ్గడానికి ఒక చిన్న పద్ధతి" అంటే ఎవరైనా చేస్తారు. తల తిరిగినట్టుంటే లోతుగా పీల్చడం ఆపి మామూలుగా ఊపిరి తీసుకోమనాలి.

కండరాల సడలింపు: ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దపు మొదటి సగంలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. పిడికిలి ఐదు సెకన్లు బిగించి వదలడం, తర్వాత భుజాలు, దవడ, పొట్ట, కాళ్లు. ఒళ్లు వంచి పని చేసే మగవాళ్లకి ఇది శ్వాస కన్నా తేలిగ్గా అబ్బుతుందని నా అనుభవం. దెబ్బలు తగిలినచోట, నడుం పట్టేసినచోట బిగించొద్దని చెప్పించండి.

రెండు గళ్ల కాగితం: ఒక గడిలో "నా చేతుల్లో ఉన్నవి", రెండోదాంట్లో "నా చేతుల్లో లేనివి". రైతు కార్డు తీసుకుని నింపిస్తే వాన, పత్తి ధర రెండో గడిలోకి పోతాయి. అప్పిచ్చిన బావమరిదితో గడువు మాట్లాడడం, బ్యాంకులో రుణం రీషెడ్యూల్ అడగడం మొదటి గడిలోకి వస్తాయి. ఒక వారానికి ఒక్కటి ఎంచుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన "ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్" అనే ఐదు సెషన్ల పద్ధతిలో కూడా శ్వాస, సమస్య పరిష్కారం, మళ్లీ పనుల్లో పడడం, తోడు వెతుక్కోవడం అన్నవే నాలుగు స్తంభాలు. డిగ్రీ లేనివాళ్లు కూడా శిక్షణతో చేయగలిగేలా దాన్ని రాశారు.

మళ్లీ పనుల్లో పడడం అంటే ఆ మనిషి మానేసిన చిన్న పని ఒకటి తిరిగి పట్టించడం. ఒకప్పుడు సాయంత్రం వాలీబాల్ ఆడేవాడా, చెరువు గట్టు దాకా నడిచేవాడా, టీ కొట్టు దగ్గర నలుగురితో కూర్చునేవాడా? వారంలో రెండుసార్లు అది. మూడ్ బాగుపడ్డాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. వెళ్తేనే మూడ్ బాగుపడుతుంది.

పరీక్ష పత్రాలు కూడా ఈ పూటే పరిచయం చేయండి. పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ ఎంత ఉందో అంచనా వేసే పత్రం. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇది రోగ నిర్ధారణ కాదు. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి.

ఆరో అడుగు: తాగుడు

రెండో రోజు పొద్దున. మగవాళ్ల ఒత్తిడి గురించి నేర్పుతూ తాగుడు వదిలేస్తే సగం వదిలేసినట్టే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం మద్యం సమస్య ఉన్న ప్రతి 100 మందిలో 80 మందికి పైగా ఏ చికిత్సా అందడం లేదు.

మాటలతో ప్రయోజనం ఉందా అని అడిగేవాళ్లకి గోవా ఉదాహరణ చెప్పండి. అక్కడ సంగత్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగే మగవాళ్లకి, మామూలు జనంలో నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్లతో నాలుగు సెషన్ల లోపు కౌన్సెలింగ్ చేయించింది. ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డవాళ్లు కౌన్సెలింగ్ అందినవాళ్లలో 36 శాతం, అందనివాళ్లలో 26 శాతం. అద్భుతమేమీ కాదు. కానీ ఉత్త మాటలతో నడిచిన నాలుగు సెషన్లకు అది తక్కువ కూడా కాదు.

లెక్క నేర్పండి. ఎంత తాగుతారు అంటే "కొంచెం" అంటారు. పది గ్రాముల ఆల్కహాల్‌ని ఒక డ్రింక్ అనుకుంటే 30 మిల్లీలీటర్ల విస్కీ ఒకటి. అంటే క్వార్టర్ (180 మిల్లీలీటర్లు) ఆరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు దాదాపు నాలుగు. ఈ లెక్క ఆ మనిషి చేతే కాగితం మీద వేయిస్తే మనం ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. మిల్లర్, రోల్‌నిక్ రూపొందించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి అసలు కీలకం ఇదే: మానాల్సిన కారణం మన నోటి నుంచి కాదు, ఆయన నోటి నుంచి రావాలి. "తాగడం వల్ల మీకు మంచిగా అనిపించేదేంటి?" అని ముందు అడగాలి. ఆ తర్వాత "మరి ఇబ్బంది పెట్టేదేంటి?" అని.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే తప్పు ఒకటుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లని "రేపటి నుంచి పూర్తిగా మానేయండి" అనకూడదు. చేతులు వణకడం, చెమటలు, భ్రమలు, మూర్ఛ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి. తెలంగాణలో కల్లు తాగేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు, 2015లో సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే ఏం తాగుతారు, ఎక్కడ తాగుతారు అని కూడా అడగాలి.

ఏడో అడుగు: ఆ ఒక్క ప్రశ్న

రెండో రోజు మిగతా సమయంలో ఎక్కువ భాగం దీనికే. నా మటుకు నాకు వర్క్‌షాప్ మొత్తం ఈ భాగం కోసమే.

బోర్డు మీద ఇది రాయండి: "చచ్చిపోవాలని ఏం అనిపించట్లేదు కదా?"

మనలో చాలామంది ఇలాగే అడుగుతాం. ఇంకొందరు "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటారు, "ఏదైనా చేసుకుంటారా ఏంటి?" అంటారు. ఈ ప్రశ్నల్లోనే జవాబు ఉంది. ఆ "కదా" వినగానే ఎదుటివాడికి మనకేం జవాబు కావాలో తెలిసిపోతుంది. "అబ్బే, అలాంటిదేం లేదు" అని మనల్ని ఊరడిస్తాడు. చనిపోవాలనుకుంటున్న మనిషి మనకు ధైర్యం చెప్పి వెళ్లిపోతాడు.

బోర్డు మీద "కదా" కొట్టేయండి. దాని కింద ఇది రాయండి: "ఇంత కష్టంలో కొందరికి చనిపోవాలనిపిస్తుంది. మీకు అలా అనిపించిందా?"

ఇప్పుడు అందరూ ఒక్కొక్కరుగా, పక్కవారి కళ్లలోకి చూస్తూ, ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. చాలామంది గొంతు తగ్గిస్తారు. కొందరు "చనిపోవడం" అన్న మాట దగ్గర ఆగిపోతారు. కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు, ఇంట్లో ఎవరో గుర్తొస్తారు. ఆగండి, నీళ్లు ఇవ్వండి, తర్వాత మళ్లీ అడిగించండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం దాదాపు అందరికీ ఉంటుంది. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. ఒంటరిగా మోస్తున్న మాట దింపుకోవడానికి చోటు దొరుకుతుంది.

"అనిపించింది" అంటే తర్వాతి ప్రశ్నలు వరుసగా: ఎలా చేసుకోవాలనుకున్నారు? అది ఇప్పుడు ఇంట్లో ఉందా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా? ఇవాళ రాత్రి మీతో ఎవరుంటారు?

తెలుగులో "మందు" అన్న మాటతో ఇక్కడ ఒక చిక్కుంది. మాత్రా మందే, బ్రాందీ మందే, పురుగుల మందూ మందే. "మందు తాగేస్తా మేడమ్" అంటే ఏ మందో విడమర్చి అడగాలి. మొహమాటపడి ఊహించుకోకూడదు.

పల్లెల్లో పురుగుల మందు డబ్బా ఇంట్లో చేతికందేచోట ఉండడమే పెద్ద ప్రమాదం. చనిపోవాలన్న కోరిక తీవ్రంగా ఉండే సమయం చాలామందిలో తక్కువే. ఆ కాసేపు డబ్బా దూరంగా ఉంటే మనిషి బతుకుతాడు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని నిషేధించాక ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. అందుకే కుటుంబంతో కలిసి మాట్లాడి డబ్బాని పక్కింట్లోనో, తాళం వేసిన పెట్టెలోనో పెట్టించడం కౌన్సెలర్ పనిలో భాగం.

చివర్లో స్టాన్లీ, బ్రౌన్ తయారుచేసిన రక్షణ ప్రణాళిక పద్ధతిలో ఒక చేతిరాత కాగితం రాయించండి. ఆలోచన మొదలయ్యే ముందు కనిపించే గుర్తులు, తనంతట తాను చేయగలిగేవి, వెళ్లి కూర్చోగలిగే చోటు, ఫోన్ చేయగలిగే మనుషులు, డాక్టర్ లేదా హెల్ప్‌లైన్, ఇంట్లో దూరం పెట్టాల్సినవి. ఆ కాగితం ఆయన జేబులో ఉండాలి, మన ఫైల్లో కాదు. హెల్ప్‌లైన్ దగ్గర 14416 రాయించండి. అది 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. భోజన విరామంలో వర్క్‌షాప్‌లో ఒకరు నిజంగా ఆ నంబరుకి ఫోన్ చేసి, శిక్షణలో ఉన్నామని చెప్పి, కాల్ ఎలా కలుస్తుందో చూసి అందరికీ చెప్పాలి. తాము ఒక్కసారైనా చేయని నంబరుని నమ్మకంగా ఎవరికీ ఇవ్వలేరు.

చట్టం గురించి అడుగుతారు. "పోలీసు కేసవుతుందా?" అన్న భయంతో కుటుంబాలు దాస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి, వేరేగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, దానికి శిక్షించకూడదు. ఈ వాక్యం అందరికీ నోటికి రావాలి.

ఎనిమిదో అడుగు: కోపం, కొట్టడం, గోప్యత

మగవాడి ఒత్తిడిని అర్థం చేసుకోవడం వేరు, ఇంట్లో అతను పెట్టే హింసకు సాకు వెతకడం వేరు. "టెన్షన్‌లో చెయ్యి చేసుకున్నా" అంటే, టెన్షన్ గురించి మాట్లాడదాం, చెయ్యి చేసుకోవడం మాత్రం తప్పే అని స్పష్టంగా చెప్పగలగాలి. హింస జరుగుతున్న ఇంట్లో భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయకూడదు. ఆమె అక్కడ నిజం చెప్తే ఇంటికెళ్లాక దెబ్బలు తినాలి. ఆమెకు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు విడిగా అందాలి.

గోప్యత కోసం చిన్న రోల్ ప్లే: కౌన్సెలింగ్ అయ్యాక ఆయన తమ్ముడు వచ్చి "మా అన్న ఏం చెప్పాడండీ?" అని అడుగుతాడు. ఏం చెప్పాలి? ప్రాణాపాయం లాంటి పరిస్థితి తప్ప ఏమీ చెప్పకూడదు. "ఆయన చెప్పింది ఆయన్నే అడగండి. మీరు పక్కన ఉండడం మాత్రం ఆయనకు మేలు" అంటే చాలు. ఈ మినహాయింపు సంగతి మొదటి రోజే, కౌన్సెలింగ్ మొదలవకముందే ఆయనకి చెప్పి ఉండాలి.

తొమ్మిదో అడుగు: రెండు రోజులు అయిపోయాక

నిజమైన శిక్షణ ఇక్కడ మొదలవుతుంది. మూడు నెలల పాటు పదిహేను రోజులకోసారి గంటన్నర కూర్చోవాలి. ఫోన్లో అయినా సరే. ప్రతి ఒక్కరూ తాము తడబడిన ఒక సంభాషణ తెచ్చుకుంటారు, పేర్లు, ఊర్లు లేకుండా. అనుభవం ఉన్న ఒక క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిస్టో ఆ కాల్‌లో ఉండాలి. ఆ డబ్బు ముందే బడ్జెట్లో పెట్టుకోండి, బ్యాగులకీ మెమెంటోలకీ పెట్టేది తగ్గించి అయినా.

ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు. దాని బదులు వర్క్‌షాప్ మొదట్లో ఒక ఐదు నిమిషాల రోల్ ప్లే, మూడు నెలల తర్వాత అదే కార్డుతో ఇంకోటి, వాళ్ల అనుమతితో రికార్డు చేసి పక్కపక్కన చూడండి. ఎన్ని సలహాలు ఇచ్చారు, ఎన్నిసార్లు ఆగారు, చావు గురించి నేరుగా అడిగారా. ఈ మూడూ లెక్కపెట్టండి.

కౌన్సెలర్ల ఒత్తిడి మర్చిపోవద్దు. రోజూ ఇలాంటివి వింటే వాళ్లకీ నిద్ర పట్టదు. ప్రతి కాల్ మొదట్లో "మీరెలా ఉన్నారు?" అని అడిగి, మనం నేర్పిన ఆ 20 సెకన్లు మనమే ఆగాలి.

కిందటి బ్యాచ్ ఆఖరి కాల్‌లో ఒక నర్సు తన వంతు వచ్చాక కాసేపు మాట్లాడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. "గ్యాస్ అని వచ్చిన ఒక ఆటో డ్రైవర్‌ని అడిగాను, కదా లేకుండా" అంది. "ఆయన చాలాసేపు కిందకి చూసి, 'ఎవరూ అడగలేదు సిస్టర్' అన్నాడు. 14416కి నా ముందే కలిపాను. పక్క రోజు వాళ్ల అన్నతో కలిసి ఆసుపత్రికి వచ్చాడు." ఆ "ఎవరూ అడగలేదు" అన్న మాటని తర్వాతి బ్యాచ్ చార్టులో మొదటి వరుసలో రాశాం.